జానెడు కొస

ఆ వానాకాలం మా ఇంట్లో ఎవరూ ఊరికే కూర్చోలేదు. గోడలకు రంగులు వేశాం, పరదాలు కుట్టాం, పెరట్లో పగిలిన టైల్సు పరిచి చేపను చేశాం. సూరత్ గోడాదరాలో మా సొసైటీ ఇళ్లు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ఒక ఇంట్లో సుత్తి మోగితే నాలుగిళ్లకు వినబడుతుంది. పక్కింటి హంసాబెన్ గోడ మీదుగా తొంగిచూసి, "సంధ్యాబెన్, నవతానీ సగాయి ఛే?" అని రెండుసార్లు అడిగింది. మా అమ్మాయికి నిశ్చితార్థం ఏమీ లేదని చెప్పాను. మరెందుకీ హడావుడి అని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

జ్యేష్ఠం చివర్లో నా భర్త ఉమాకాంత్ కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లనుకుని వేరు మందు తాగించాం. తగ్గలేదు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు నన్నూ మా అమ్మాయి నవతనూ మాత్రమే లోపలికి పిలిచాడు. ఉమాకాంత్ బయట బెంచీ మీద కూర్చున్నాడు. మధ్యలో సగం వరకు అద్దం ఉన్న తలుపు. నవత దాన్ని జాగ్రత్తగా, చప్పుడు కాకుండా వేసింది.

కాలేయంలో గడ్డ, కోసి తీసే దశ దాటిపోయింది అన్నాడు డాక్టరు. "దీవాలీ తక్..." అని రిపోర్టులు మడిచి, "ఘర్ లే జాయియే, బెహన్‌జీ. జో ఖానా చాహే, ఖిలాయియే" అన్నాడు. ఇంటికి తీసుకెళ్లి, అడిగింది పెట్టమని.

బయటికి రాగానే ఉమాకాంత్ లేచి నిలబడ్డాడు. "ఏమన్నడు?"

నేను నోరు తెరిచేలోపే నవత అందుకుంది. "కామెర్లు బాగ ముదిరినయంట పప్పా. ఆర్నెల్లు కార్ఖానా బంద్. ఫుల్ ఆరామ్."

"ఆర్నెల్లా? మగ్గాలు ఎవలు చూస్తరు, మీ డాక్టరా?"

"పరుశురాం కాకా చూస్తడు తీ."

ఆయన నా ముఖం వైపు చూశాడు. నేను తలూపాను. పదండి, ఆకలైతున్నది అన్నాడు.

మా అత్తమ్మ ఐలమ్మకు ఆ సాయంత్రం వంటింట్లో చెప్పాను. ఆమె చేటలోని బియ్యం వైపే చూస్తూ విన్నది. చివరికి ఒక్కటే అడిగింది.

"వానికి ఎర్కనా?"

"లేదత్తమ్మా."

"ఎర్క కావద్దు. కానియ్యద్దు."

ఆయన బతుకు మా చేతుల్లో లేదు. ఆయనకు తెలియకుండా ఉంచడం మాత్రం మా చేతుల్లోనే ఉందనుకున్నాం. దీపావళి దాకా ఆ మనిషి నవ్వుతూ, కోప్పడుతూ, రేపటి గురించి మాట్లాడుతూ ఉంటే చాలు. ఆ వానాకాలమంతా మేము ముగ్గురం కాపలా కాసింది దానికే.

ఉమాకాంత్ బమ్రోలిలో ఒక కార్ఖానాలో మగ్గాల మాస్టరు. పదహారేళ్ల వయసు నుంచీ మగ్గాల మోతలో ఉన్నవాడు. ఇంట్లో నిశ్శబ్దంగా కూర్చోవడం ఆయనకు చేతకాలేదు. ఒళ్లంతా దురద. నూలు చుట్టే పాత బాబిన్ ఒకటి పట్టుకుని వీపు గోక్కుంటూ, వంటింట్లో డబ్బాలు అటువి ఇటు సర్ది, అత్తమ్మతో తిట్లు తిని, మళ్లీ వచ్చి కూర్చునేవాడు. అప్పుడే నవత ఫోన్‌లో ఏదో వీడియో చూపించింది.

"పప్పా, మన ఇల్లు మనమే సింగారిద్దాం. కొనుడు లేదు. అంతా కచరాతోనే."

"ఈ అగ్గిపెట్టెకు సింగారమా?"

"నీకు చేతకాదా?"

"నాకా?" అంటూ బాబిన్ పక్కన పెట్టాడు.

మర్నాటి నుంచి పరుశురాం కార్ఖానా నుంచి వస్తూ ఒక సంచి తెచ్చేవాడు. ఉమాకాంత్ చేతికింద పని నేర్చుకున్న మనిషి అతను. నూలు అయిపోయాక మిగిలే అట్ట కోన్లు, అల్లిక తప్పిన చీర ముక్కలు, డిజైన్ల కోసం చిల్లులు పొడిచిన పాత జకార్డు అట్టలు. అసలు సంగతి అతనికీ చెప్పలేదు. "అన్నా, ఈ చెత్త ఏస్కపోయినందుకు సేఠ్ నాకు దండం పెడుతున్నడు" అనేవాడు.

మొదట ముందు గది. కోన్లకు పసుపు, నీలం, మిరపపండు రంగులేసి, మూతులు మన వైపు ఉండేలా వరసలుగా గోడకు అతికించారు. తండ్రి నిచ్చెన మీద, కూతురు కింద. ఇద్దరూ మాట్లాడుకోకుండానే మాట్లాడుకునేవాళ్లు. మగ్గాల మోతలో గొంతు వినబడదు కాబట్టి అక్కడి మనుషులు పెదాల కదలిక చూసి మాట గుర్తుపడతారు. నవతకు చిన్నప్పటి నుంచీ తండ్రితో అదో ఆట. గది ఆ మూల నుంచి శబ్దం లేకుండా పెదాలు కదిపేది. ఆయన చూసి బదులిచ్చేవాడు.

"ఏమంటుంది?" అని అడిగాను.

"పానీపూరీ కావాల్నట. నీకు చెప్పొద్దంట."

"పప్పా!"

పని అయిందని పిలిస్తే వెళ్లి చూశాను. గోడంతా తేనెపట్టులా ఉంది. కింద కుడి మూలన ఒక కోను లేదు.

"అక్కడ ఒకటి తక్కువైంది."

"తక్కువ కాలే, టీచరమ్మా. ఇడిసిపెట్టిన."

"ఎందుకు?"

"మొత్తం నేసి తెంపుతరా ఎవలన్న? అవ్వనడుగు."

అత్తమ్మ నవ్వింది. సిరిసిల్లలో కోడలిగా అడుగుపెట్టిన రోజు నుంచీ ఆమె చేసిన పని అదే. మగ్గం మీద బట్ట పూర్తయినా నిలువు పోగుల పడుగంతా తెంపరు. జానెడు కొస, పోగులు దూర్చే అచ్చులోనే వదిలేస్తారు. కొత్త పడుగు వచ్చాక దాని పోగులు ఒక్కొక్కటీ ఆ పాత కొసలకు అతుకుతారు. బూడిద అద్దిన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండు కొసలనూ పెట్టి మెలితిప్పడమే. ముడి కూడా కనబడదు. కొస లేకపోతే వేల పోగులు మళ్లీ మొదటి నుంచీ అచ్చులో దూర్చుకోవాలి. సూరత్‌లో కరెంటు మగ్గాలకూ అదే పద్ధతి.

"అసలు ఎప్పుడూ తెంపరా?" అంది నవత.

"మగ్గం అమ్మేటప్పుడు తెంపుతరు" అంది అత్తమ్మ. తర్వాతి మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఆ రెండో సందర్భం ఏమిటో నాకు తెలుసు. నేసే మనిషి పోయినప్పుడు.

ఉమాకాంత్ నిచ్చెన మడుస్తూ, "గోడకు గూడ కొస ఉండాలె. రేపు ఇంకోటి మొదలువెట్టాల్నంటే ఏడికెల్లి మొదలుపెడ్తం?" అన్నాడు.

ఆ మాట విని వంటింట్లోకి వెళ్లిపోయాను. రేపు అన్నాడని సంతోషం. మా అబద్ధం నిలబడిందని.

ఆ తర్వాత ప్రతి పనీ అలాగే సాగింది. అల్లిక తప్పిన చీర ముక్కలతో పరదాలు కుట్టాం. నెమళ్లన్నిటికీ మెడలు విరిగినట్టుగా ఉన్న బట్ట అది. చివరి పరదాకు జానెడు అంచు మడవనివ్వలేదు ఆయన. అలమారకు రంగేసి ఒక మూల వదిలేశాడు. హోంవర్కు అసంపూర్తి అని గోడ మీద ఎర్ర పెన్నుతో రాస్తానని బెదిరించాను.

"రాయి. మార్కులు కోసుకో. మా మాస్టర్ల బళ్లె గిదే ఫస్ట్ క్లాసు."

"పప్పాది పెండింగ్ బీమారీ" అంది నవత. వెంటనే నాలిక కరుచుకుంది. జబ్బు, బీమారీ అనే మాటలు ఇంట్లో వాడకూడదని మేము అనుకుని ఉన్నాం. ఆయన విననట్టే బ్రష్ విదిలించి ఆమె ముక్కు మీద నీలం చుక్క పెట్టాడు.

ఆషాఢంలో పెరడు మొదలుపెట్టాం. పెరడంటే పెద్దదేమీ కాదు, నాలుగు మంచాలు పట్టే జాగా. టైల్సు దుకాణం బయట పారేసిన ముక్కలు తెచ్చి, నవత సుద్దతో గీసిన చేప బొమ్మలో పరిచాం. అత్తమ్మ రంగులు ఏరి అందించింది. అప్పటికి ఆయన పాదాలు వాచాయి. కుర్చీలో కూర్చుని కర్రతో చూపిస్తూ పని చేయించేవాడు.

"గది తోక కాదు బిడ్డా, చీపురు. జర వంచు."

"నువ్వే వచ్చి వంచు."

"నేను ఆరామ్‌ల ఉన్న. డాక్టరు చెప్పిండు."

వాన వచ్చింది. తడి సిమెంటు మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, నాలుగు మూలలా నలుగురం పట్టుకున్నాం, ఆయన కుర్చీలోంచే. పట్టా మధ్యలో నీళ్లు నిండి బరువెక్కింది. ఎక్కడి నుంచో ఒక కప్ప వచ్చి అందులో దూకింది. అత్తమ్మ కెవ్వుమని తన మూల వదిలేసింది. నీళ్లన్నీ ఆయన ఒళ్లో పడ్డాయి. అంతగా నవ్వడం మా ఇంట్లో అదే చివరిసారి. తడిసిన చొక్కా ఒంటికి అంటుకుంటే ఎముకలు లెక్కపెట్టేటట్టు కనబడ్డాయి. నవ్వుతూనే నేను తువ్వాలు తెచ్చి ఆయన భుజాల మీద కప్పాను.

చేపకు కన్ను పెట్టలేదు. కొస.

అన్నిటికంటే పెద్ద పని వెనక గోడ. ఆ ఊహ ఆయనదే. గోడను చీరలా చేయాలన్నాడు. పైనా కిందా అంచులు, కుడివైపు కొంగు. జకార్డు అట్టలను గోడకు ఆనించి, చిల్లుల్లోంచి రంగు అద్దితే చుక్కలు పడేవి. అట్ట తర్వాత అట్ట వరసగా వేస్తే చుక్కలన్నీ కలిసి పూలయ్యేవి, లతలయ్యేవి. ఏ అట్ట తర్వాత ఏది రావాలో ఆయనకు చూడకుండానే తెలుసు. శ్రావణమంతా వానకూ వానకూ మధ్య దొరికిన ఎండలో అద్దుతూ పోయారు. హంసాబెన్ వచ్చి చూసి, "బహు సరస్, ఉమాభాయ్" అని చాలాసేపు నిలబడింది. చాలా బాగుంది, మా సొసైటీలో ఎవరి గోడా అలా లేదని అంది. ఆయన చేతులు కట్టుకుని పెళ్లికొడుకులా నవ్వాడు.

కొంగు చివర జానెడు సిమెంటు అలాగే వదిలేశాడు. గోడ పూర్తయింది అనే మాట మాత్రం అనలేదు. "ఆగింది" అన్నాడు.

గణపతి నిమజ్జనం రోజు మధ్యాహ్నమే బడి వదిలారు. రోడ్డంతా డప్పులు. ఆటో దొరక్క నడిచి ఇల్లు చేరేసరికి నవత నాకంటే ముందే కాలేజీ నుంచి వచ్చి పెరట్లో ఫోన్‌తో ఫొటోలు తీస్తోంది.

"అమ్మా, చూడు! కంప్లీట్!"

కొంగు చివరి జానెడు నిండింది. ఎర్ర చుక్కలు ఇంకా తడిగా ఉన్నాయి. ఉమాకాంత్ కుళాయి దగ్గర పీట మీద కూర్చుని బ్రష్ కడుగుతున్నాడు.

అత్తమ్మ ఉడకబెట్టిన శనగలు పళ్లెంలో పోసుకుని వచ్చింది. గోడను చూసింది. పళ్లెం నేల మీద పెట్టింది. కాసేపటికి తను కూడా కూర్చుంది.

"కొస ఉంచలేదేందిరా, ఉమా?"

"ఉండనియ్యవే అవ్వా. నిండుగ మంచిగ కనబడ్తున్నది."

ఆయన మా వైపు తిరగలేదు. బ్రష్‌లోంచి ఎర్రనీళ్లు పోవడం ఆగిపోయాక కూడా కడుగుతూనే ఉన్నాడు. నేను కిందికి చూశాను. చేపకు కన్ను ఉంది. నీలం ముక్క. లోపలికి వెళ్లాను. గోడ మూలన చివరి కోను అతికి ఉంది. అలమారా మూల రంగు ఆరిపోయింది. పరదా అంచు మడిచి కుట్టి ఉంది. సూది పట్టడం రాని చేతితో వేసిన పొడుగాటి కుట్లు. నేను బడికీ, నవత కాలేజీకీ వెళ్లి, అత్తమ్మ కునుకు తీసే వేళ చూసుకుని ఒక్కొక్కటే చేసుకుంటూ వచ్చాడన్నమాట.

పొయ్యి మీద చాయ్ పెట్టాను. నవత ఇంకా ఫొటోలు చూపిస్తూ వెనకే వచ్చింది. నా ముఖం చూసి, పరదా వైపు చూసి, ఫోన్ కింద పెట్టింది.

"పప్పాకు తెలుసా, అమ్మా?"

"చాయ్ ఇచ్చిరా" అన్నాను.

మర్నాడు నేను వచ్చేసరికి అత్తమ్మ గోడ ముందు కూర్చుని గరిటె కాడతో కొంగు చివర గీకుతోంది. ఎర్రపొడి ఆమె కొంగు మీద రాలుతోంది.

"అత్తమ్మా, ఏంటిది?"

"పెచ్చులు లేసినయి" అంది నన్ను చూడకుండా.

జానెడు సిమెంటు బయటపడే దాకా గీకి లేచింది. సాయంత్రం ఉమాకాంత్ గోడ పట్టుకుని నడుస్తూ వచ్చి చూశాడు.

"ఏందే అవ్వా, సూరత్ ఎలుకలు గోడలు గూడ తింటున్నయా?"

"తినకేం జేస్తయి? వాటికి గూడ ఆకలుంటది."

ఆయన అట్ట ఆనించి మళ్లీ రంగు అద్దాడు. అట్ట కదిలి చుక్కలు పక్కకు జారాయి. రెండు రోజులకు ఆమె మళ్లీ గీకింది. ఆయన మళ్లీ నింపాడు. మిగతా పనులన్నీ తల్లీ కొడుకుల మధ్య మామూలుగానే నడిచాయి. అన్నం పెట్టేటప్పుడు పెట్టేది, తినేటప్పుడు తినేవాడు.

ఒకరోజు ఆయన కాళ్లకు నూనె రాస్తున్నాను. పెరటి కిటికీ తెరిచి ఉంది. ఇంక అడగకుండా ఉండలేకపోయాను.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మొదటి దినమే."

"ఎవరు చెప్పారు?"

"డాక్టరే చెప్పిండు. తలుపుకు అద్దం ఉండె కదా. ఆయన మూతి నా దిక్కే ఉండె." కాలు కొంచెం జరిపి, "మీరంత మోతల పనిచేసినోల్లు కారు. యాది మరిచిన్రు" అన్నాడు.

నా చేతులు ఆయన పాదం మీద ఆగిపోయాయి. అయితే ఆ కోన్లూ పరదాలూ చేపా, మేము ఆయన్ని మరిపించడానికి చేసినవనుకున్నవన్నీ, తెలిసే చేశాడు. తెలిసే ప్రతిదానికీ కొస ఉంచాడు.

"మరి ఇప్పుడెందుకు నింపేశావ్?"

ఆయన కిటికీలోంచి గోడ వైపు చూశాడు.

"అలిసిపోయిన, సంధ్యా" అన్నాడు. టీచరమ్మా అనలేదు.

భాద్రపదం వెళ్లేసరికి మంచం దిగడం ఆగిపోయింది. మంచాన్ని పెరటి కిటికీ పక్కకు జరిపాం. వీధిలో మన వాళ్లు బతుకమ్మ పూలు ఏరుకొస్తున్నారు, ఆ పక్క గర్బా ఆటల కోసం మైకులు కడుతున్నారు. అత్తమ్మ మూడోసారి గోడ గీకింది. ఈసారి ఆయన చూస్తుండగానే. ఎవరి దగ్గరా దాచాల్సిన పని లేదన్నట్టు, గరిటె కాడ అటూ ఇటూ కదిలిస్తూ పని చేసింది.

"నవతా, బ్రష్ తే" అన్నాడు ఆయన.

"పెయింట్ ఎండిపోయింది, పప్పా."

డబ్బా మూత తీసి రెండు రోజులుగా గోడ మీద ఎండలో పెట్టింది నవతే. నేను చూశాను. ఆయన కూడా కిటికీలోంచి చూసే ఉంటాడు. ఆయన కూతురి వైపు చూసి, తల్లి వైపు చూసి, పెదాలు కదిపాడు. గొంతు రాలేదు. నవత చూసి నవ్వబోయి, ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఏమన్నడే?" అంది అత్తమ్మ.

"అవ్వ గెల్చిందట."

ఆ మాటకు మేము ముగ్గురం సంతోషించాం. నిజంగానే సంతోషించాం. అత్తమ్మ ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నది. నేను పరదా అంచు కుట్లు విప్పదామా అనుకున్నాను, కత్తెర కూడా తీశాను. సద్దుల బతుకమ్మకు ముందురోజు తెల్లవారుజామున ఆయన పోయాడు. కత్తెర ఇంకా అలమారా మీదే ఉంది.

మళ్లీ వానాకాలం వచ్చింది. చెమ్మకు అట్ట కోన్లు ఉబ్బి ఒక్కొక్కటే రాలుతున్నాయి. నవత వాటిని ఏరి సంచిలో వేస్తుంది, మళ్లీ అతికించదు. చేప మీద పాచి పట్టింది. పరుశురాం ఒకసారి వచ్చి, గోడ చివర వెలితిగా ఉంది వదినా, రంగు తెచ్చి నింపనా అని అడిగాడు. వద్దన్నాను. ఎందుకని అతను అడగలేదు. మగ్గాల మనిషి.

ఇప్పుడు గోడ మొత్తంలో రంగు లేనిది ఆ జానెడే. మిగతా చోట కూడా చుక్కలు వెలుస్తున్నాయి. ఇంకో రెండు వానాకాలాలకు ఏది కొసో ఏది కొంగో తెలియదు.

అన్నాలయ్యాక అత్తమ్మ దాని ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటుంది. నేను సెలవు రోజుల్లో కిటికీ దగ్గర పిల్లల పేపర్లు దిద్దుకుంటూ చూస్తుంటాను. ఆమె కళ్లు గోడ మీద ఉంటాయి. ఒళ్లో కుడిచేయి మాత్రం ఊరికే ఉండదు. బొటనవేలు, చూపుడువేలు కలుస్తాయి, మెలితిరుగుతాయి, విడిపోతాయి. మళ్లీ కలుస్తాయి.

వాటి మధ్య ఏ పోగూ లేదు.